గంధరాజానికి పడని తీర్థం

అభిషేకం చేసిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలన్నది మా కృష్ణా జిల్లా వైపు ఇళ్ళలో ఎవరూ అడిగే ప్రశ్న కాదు. గడప దాటితే మట్టి ఉంటుంది, మట్టిలో ఏదో ఒక మొక్క ఉంటుంది. ఢిల్లీ పక్కన వైశాలిలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చాకే నాకది ప్రశ్న అయింది. ఆ నీళ్ళు కాలికి తగలకూడదు. మురుగులో కలవకూడదు. ఇక మిగిలినవి బాల్కనీలో కుండీలే.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఇంటర్ పాసై, సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసు డిస్పాచ్ సెక్షన్‌లో చేరి, ఇక్కడే తల నెరిసింది. పొద్దున మెట్రోకి బయల్దేరే ముందు శివుడికి ఇన్ని నీళ్ళు పోసి వెళ్ళడం ఒక్కటే నేను క్రమం తప్పకుండా చేస్తూ వచ్చిన పని. అరచేతిలో ఇమిడే లింగం. ముందు మంచినీళ్ళు, తర్వాత పసుపు నీళ్ళు, ఆ తర్వాత విభూతి కలిపిన నీళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు, చివర కుంకుమ అక్షతలు. విభూతి అంటే ఇక్కడి అంగళ్ళలో అమ్మే సువాసన పొడి కాదు. మా ఊళ్ళో ఆవుపిడకలు కాల్చి, పల్చటి గుడ్డలో జల్లించింది. ఊరి నుంచి ఎవరు వస్తున్నా, "ఇంకేమీ వద్దు, ఒక డబ్బా విభూతి పట్టుకురండి" అని చెప్తాను.

పళ్ళెంలో చేరిన నీళ్ళు కిందటి కార్తీకం దాకా అన్ని కుండీలకూ వంతులవారీగా పోసేవాణ్ణి. ఆ తర్వాత ఒక్క కుండీకే పొయ్యడం మొదలుపెట్టాను. దానికి కారణం కిరణ్మయి.

కిరణ్మయి వాళ్ళు మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేవారు. వాళ్ళాయనకు గౌహతి ట్రాన్స్‌ఫర్ అయింది. మా ఉద్యోగాల వాళ్ళకు ట్రాన్స్‌ఫర్ వచ్చిందంటే కూలరు ఒకరికి, పూలకుండీలు ఒకరికి అప్పజెప్పి వెళ్ళడం మామూలే. ఆ అమ్మాయి అన్నీ పంచేసి, ఒక్క గంధరాజం కుండీ మాత్రం తనే మోసుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, ఇది ఇవ్వడం లేదు. దాచిపెట్టమంటున్నాను. లారీలో వేస్తే బతకదు. శ్రావణంలో మా తమ్ముడి పని మీద వస్తాను, అప్పుడు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్తాను. కడియం నుంచి ఇక్కడికి అలాగే తెచ్చాను."

"దాందేముందే, మా తులసి పక్కన పెడతాను" అంది మా ఆవిడ ఛాయాదేవి.

"మా అమ్మ చేత్తో అంటుకట్టిన మొక్క వదినా. అమ్మ పోయాక ఇంట్లో ఏమీ అడగలేదు నేను, ఇదొక్కటే తెచ్చుకున్నాను." ఆ మాట చెప్తూ ఆకుల మీద దుమ్ము చున్నీతో తుడిచింది. ముదురుపచ్చ ఆకులు, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

పరాయి సొమ్ము, అందులోనూ తల్లి జ్ఞాపకం. దానికి ఏ లోటూ రాకూడదని నాకు చేతనైన మర్యాద నేను చేశాను. ఆ రోజు నుంచి స్వామి తీర్థమంతా దానికే.

*

మాఘం వెళ్ళాక కొత్త చిగుళ్ళు పచ్చదనం లేకుండా వచ్చాయి. లేతవి కదా అనుకున్నాం. అవి పెద్దవైనా పచ్చబడలేదు. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ఎవరో కూర్చుని ఆకు మీద పచ్చ సిరాతో గీతలు గీసినట్టు ఉండేది. ఉగాది వచ్చేసరికి పైకొమ్మలన్నీ అలాగే తయారయ్యాయి. వచ్చిన రెండు మొగ్గలూ విచ్చకుండానే రాలిపోయాయి.

ఛాయాదేవి చెయ్యని వైద్యం లేదు. వానపాముల ఎరువు వేసింది. ఎండలో పెట్టింది, నీడలోకి జరిపింది. చివరకు పసుపు సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి దిష్టి కూడా తీసింది. ఆ నీళ్ళు కిందికి తీసుకెళ్ళి రోడ్డు పక్కన పారబోసి వస్తుంటే మా అమ్మాయి వీణ పగలబడి నవ్వింది.

"మమ్మీ, ప్లాంట్ కో భీ నజర్ లగ్‌తీ హై క్యా?"

"తగలదా మరి? వచ్చినవాళ్ళందరూ ఎంత బాగుందో అంటే తగలదూ? నువ్వు నవ్వకు, నీకూ తియ్యాలి" అంది వాళ్ళమ్మ.

నేను మాత్రం నాకు తెలిసిన వైద్యమే చేశాను. స్వామికి చెప్పుకున్నాను. విభూతి ఇంకో చిటికెడు ఎక్కువ కలిపి, నీళ్ళు ఇంకో చెంబు ఎక్కువ పోశాను.

మా పై అంతస్తులో త్యాగరాజుగారుంటారు. మినిస్ట్రీలో అండర్ సెక్రటరీ. ఆయన బాల్కనీలో మట్టి ఉండదు. తెల్లటి పైపులు, పైపులకు చిల్లులు, చిల్లుల్లో ఏవో దొరల సలాడ్ ఆకులు. పైపుల్లో నీళ్ళు తిరుగుతూ ఉంటాయి. ఆయన పొద్దున్నే లేచి ఆ నీళ్ళలో పెన్ను లాంటి మీటరు ముంచి చూసుకుంటారు. మొక్కలకు బీపీ చూస్తున్నారని ఛాయాదేవి అంటుంది. ఆయన వినేలాగే అంటుంది.

ఒక ఆదివారం ఆయన మీటరు జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఆకు సంగతి తర్వాత. ముందు నీళ్ళ పీహెచ్ ఎంతో చూశారా, సదాశివరావుగారూ?"

"అదేమిటండీ?"

"నీళ్ళు పులుపు వైపు ఉన్నాయా, సున్నం వైపు ఉన్నాయా అని చెప్పే అంకె. ఏడు నడిమధ్య. తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ సున్నం గుణం. అది చూడకుండా మొక్కకు నీళ్ళు పొయ్యడమంటే కళ్ళు మూసుకుని స్కూటర్ నడపడమే."

"మా అమ్మమ్మ ఇరవై రకాల మొక్కలు పెంచింది. ఆవిడ దగ్గర పెన్నే లేదు" అంది ఛాయాదేవి.

"అదృష్టం చెల్లెమ్మా! అందరికీ ఉండదుగా."

కుళాయి నీళ్ళలో ముంచారు. ఏడు. వంటింట్లో ఫిల్టరు నీళ్ళలో ముంచారు. ఏడు. అభిషేకం పళ్ళెంలో ముంచబోతే నేను ఒక్క క్షణం ఆగమన్నాను. ఆ యంత్రం ఎక్కడెక్కడ మునిగి వచ్చిందో. ఆయన అర్థం చేసుకుని దాన్ని మంచినీళ్ళతో కడిగి, మూడో గ్లాసులోకి కాస్త తీర్థం పోయించుకుని ముంచారు. అదీ ఏడే.

"భేష్! మీ స్వామి నీళ్ళు కూడా పర్ఫెక్ట్. ఇక లోపం మట్టిలోనో, గాలిలోనో."

నాకెంత సంతోషమైందో చెప్పలేను. నీళ్ళది తప్పు కాదు. మర్నాడు కూడా నిండుగా పోశాను.

*

జ్యేష్ఠంలో ఒకరోజు సాయంత్రం కిరణ్మయి వీడియో కాల్ చేసింది. ఛాయాదేవి ఫోను పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

"వదినా, కెమెరా బాల్కనీ వైపు తిప్పు. నా మొక్కని చూడనీ."

"ఇక్కడ చీకటిగా ఉందే."

"ఏంటి వదినా, ఆరింటికే చీకటా? ఢిల్లీ ఎండల్లో?"

ఛాయాదేవి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడకు అబద్ధం ఆడటం రాదు. "కాస్త నలతగా ఉందే. చూసుకుంటున్నాం" అంది.

"ఆకులు రాలుతున్నాయా, పసుపెక్కుతున్నాయా?" అని అడిగింది మెల్లగా.

"పసుపెక్కుతున్నాయి."

"సరేలే వదినా. మీరు చూస్తున్నారుగా." ఆ అమ్మాయి గొంతులో తప్పుపట్టడం ఏమీ లేదు. అందుకే మాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ అమ్మాయి వచ్చేసరికి ఎండుపుల్ల చేతికివ్వాల్సి వస్తుందేమోనన్న భయం ఇద్దరికీ ఉంది. పైకి ఎవరమూ అనలేదు.

ఆ సోమవారం పూజలో కూర్చున్నాను. నీళ్ళు, పసుపు నీళ్ళు, విభూతి నీళ్ళు అయ్యాయి. కుంకుమ కోసం భరిణె తీస్తే ఖాళీ. తెప్పించడం మర్చిపోయాం. సరే, స్వామికి విభూతే ముఖ్యం కదా అని అక్షతలు వేసి, హారతి ఇచ్చి, పళ్ళెం ఎత్తాను.

పళ్ళెంలో ఎర్రటి నీళ్ళు.

రోజూ ఉండే ఎరుపే అది. రోజూ దాన్ని కుంకుమ ఎరుపనే అనుకున్నాను. ఇవాళ కుంకుమ లేదు. పసుపు నీళ్ళు పోసినప్పుడు పసుపుగానే ఉన్నాయి. దాని మీద విభూతి నీళ్ళు పోశాను. ఇంకేమీ కలపలేదు. మరి ఈ ఎరుపు ఎక్కడిది?

పళ్ళెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా పంచె అంచుకు పసుపు అంటితే సబ్బు రాయగానే ఎర్రబడటం నేను చూడనిదా? ఛాయాదేవి దిష్టి నీళ్ళు ఎలా చేసింది? పసుపులో సున్నం వేసింది. కాళ్ళకు రాసే పారాణి కూడా అదే. పసుపు ఎర్రబడిందంటే అక్కడ సున్నం గుణం ఉన్నట్టే కదా. ఆ గుణం సబ్బులో ఉంది, సున్నంలో ఉంది. నా విభూతిలోనూ ఉందా?

అయితే ఇన్ని నెలలుగా ఆ అమ్మాయి తల్లి మొక్కకు నేను పోస్తున్నదేమిటి?

బాల్కనీలోకి వెళ్ళి కుండీ ముందు కూర్చున్నాను. మట్టి మీద తెల్లటి పొర కట్టి ఉంది. కుండీ అంచులకూ, కింద గచ్చు మీదా అదే తెలుపు. రోజూ చూస్తున్నదే. స్వామి విభూతి అని కళ్ళకద్దుకున్నానే గాని, వేలితో గీకి చూడలేదు. ఇప్పుడు గీకితే పెచ్చులుగా లేచింది.

*

ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. ఛాయాదేవికి పళ్ళెం చూపించాను. ఆవిడ చూసి చూసి, "మరి మీటరు ఏడన్నదిగా?" అంది.

"అన్నది. పసుపు ఇంకోలా అంటోంది."

వీణ కాలేజీకి తయారవుతూ మా మాటలు వింది. గ్రిల్ మీద అల్లుకున్న శంఖుపుష్పం తీగ చూపించి, "పాపా, యే బ్లూ టీ వాలా ఫూల్ హై నా? కేఫేలో ఇస్తారు. నీంబూ డాలో తో పర్పుల్ హో జాతా హై. టెస్ట్ కర్ లో" అంది. నిమ్మరసం పడితే ఆ పువ్వు రసం ఊదా తిరుగుతుందిట, దాంతో పరీక్ష చెయ్యమంటోంది. వాళ్ళమ్మ నీళ్ళు కాచింది. వీణ గుప్పెడు నీలం పూలు కోసి ఆ వేడినీళ్ళలో వేసింది. కాసేపట్లో నీళ్ళు ముదురు నీలం తిరిగాయి. పువ్వులు మాత్రం తెల్లబోయాయి.

బాల్కనీ గోడ మీద, ఎండ పడే చోట మూడు గాజు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో ఫిల్టరు నీళ్ళు. ఒకదాంట్లో మా సొసైటీ బోరు నీళ్ళు. మూడోదాంట్లో పసుపు వెయ్యకుండా, విభూతి ఒక్కటే కలిపి తేర్చిన నీళ్ళు. మూడింటిలోనూ వీణ చెంచాతో ఆ నీలం రసం వేసింది.

ఫిల్టరు నీళ్ళు నీలంగానే ఉన్నాయి. బోరు నీళ్ళలో నీలం కొంచెం మారి, నెమలికంఠం ఛాయకు తిరిగింది. మూడో గ్లాసులో పడ్డ చుక్క పడ్డట్టే పచ్చబడింది. లేత అరటాకు పచ్చ.

"నిమ్మకాయ పిండండి" అంది ఛాయాదేవి, గుళ్ళో మాట్లాడినంత నెమ్మదిగా.

ఫిల్టరు నీళ్ళలో రెండు చుక్కలు పడగానే ఊదారంగు వచ్చేసింది. బోరు నీళ్ళు అంత సులువుగా లొంగలేదు. పిండుతూ పోతే పోతే గాని మారలేదు. విభూతి నీళ్ళలో పిండితే ఆ పచ్చ నెమ్మదిగా నీలమైంది. మరికాస్త పిండితే ఊదా. ఇంకో చెక్క పిండేసరికి గులాబీ. ఎండ ఆ గ్లాసుల్లోంచి దూరి గచ్చు మీద మూడు రంగుల మరకలు వేసింది.

ఆ పువ్వు రోజూ స్వామి నెత్తిన పెడుతున్నదే. దానిలో ఇంత చూపు ఉందని నాకు తెలియదు. నాకు కనపడని తేడా దానికి కనపడుతోంది. నీళ్ళన్నీ నా కంటికి ఒక్కలాగే ఉన్నాయి, నా నాలుకకు ఒక్కలాగే ఉన్నాయి. పువ్వుకు కావు. వేరుకూ కావన్నమాట. కాలేజీకి ఆలస్యమైందన్న సంగతి వీణ మర్చిపోయింది. ఛాయాదేవి గులాబీ గ్లాసుకు తనకు తెలియకుండానే దణ్ణం పెట్టింది.

సాయంత్రం త్యాగరాజుగారిని పిలిచి మళ్ళీ అదంతా చేసి చూపించాం. ఆయన కుర్చీ అంచుకు జరిగి, పిల్లాడిలా చూశారు. తర్వాత మీటరు తీసి పచ్చగ్లాసులో ముంచారు. ఏడు. గులాబీ గ్లాసులో ముంచారు. ఏడు.

ఛాయాదేవి వంటింట్లోకి వెళ్ళి చారుగిన్నె పట్టుకొచ్చింది. "దీన్లో కూడా ముంచండి అన్నయ్యగారూ. చింతపండు చారు."

ముంచారు. ఏడు.

"రామ రామ! నెల్లాళ్ళ నుంచీ ఇది ఏడులోనే కూర్చుందా?" అని త్యాగరాజుగారు గట్టిగా నవ్వేశారు. "దీని మూతి ఎప్పుడూ తడిగా ఉంచాలి చెల్లెమ్మా. ఎండిపోతే ఇంతే. అందుకేనా నా సలాడ్ ఆకులు ముడుచుకుపోతున్నాయి! నేనింకా గాలి బాగాలేదని గాలిని తిట్టుకుంటున్నాను."

"గాలిని తిట్టడానికి ఢిల్లీలో ఎప్పుడూ కారణం ఉంటుంది లెండి" అంది ఛాయాదేవి.

నవ్వులయ్యాక ఆయనే విషయం విడమరిచి చెప్పారు. ఆకు పచ్చబడటానికి ఇనుము కావాలిట. మా కుండీ మట్టిలో ఇనుము లేక కాదు. సున్నం గుణం ఎక్కువైనచోట ఆ ఇనుము తుప్పులా గడ్డకట్టుకుపోతుంది, వేరు పీల్చుకోలేదు. గంధరాజం మరీ సున్నితం, పులుపు మట్టిలో బతికే జాతి. మా బోరు నీళ్ళే దానికి బరువు, పైన నా విభూతి.

"అంటే అన్నం ముందు పెట్టి నోరు కట్టేశాను" అన్నాను.

"మీరు కావాలని చేశారా ఏమిటి? సరిచేద్దాం. పైన తెల్లమట్టి తీసేసి కొత్త మట్టి, ఆకుల ఎరువు వేద్దాం. ఫిల్టరు నీళ్ళలో చిటికెడు నిమ్మఉప్పు కలిపి పొయ్యండి. అన్నభేది ఉంటుంది చూడండి, ఆయుర్వేదం కొట్లో ఇస్తారు. అదే ఇనుము. చాలా కొంచెం, నీళ్ళలో కరిగించి."

"మరి మా తులసికి, బంతికి, కరివేపాకుకి కూడా ఇలా కొలిచి కొలిచి పొయ్యాలా?" అని అడిగింది ఛాయాదేవి. నా మనసులోనూ అదే ఉంది.

ఆయన అలవాటు కొద్దీ, "చూసుకుంటే మంచిదే" అనబోయారు. ఆగి, మా బంతిమొక్కల వైపు చూశారు. అదే బోరు నీళ్ళు తాగి అవి గుత్తులు గుత్తులుగా పూసి ఉన్నాయి. తులసి గుబురుగా ఉంది. "అక్కర్లేదేమో చెల్లెమ్మా. మట్టి ఉన్నచోట మట్టే చాలావరకు సర్దుకుంటుంది. నా పైపుల్లో మట్టి లేదు గనక నేను కొలుచుకోక తప్పదు. మీరు ఆకుని చూస్తూ ఉండండి. కొత్తాకు పసుపై, ఈనె పచ్చగా మిగిలితే అప్పుడు నీళ్ళను అనుమానించండి."

*

మొక్కకు వైద్యం దొరికింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. స్వామి మీద నుంచి జారిన నీళ్ళు ఒక ప్రాణానికి కీడెలా చేస్తాయి? చేశాయి. కళ్ళారా చూశాను. అలాగని విభూతి మానెయ్యనా? స్వామి ఒళ్ళంతా పూసుకునేదే అది. మానకపోతే ఆ నీళ్ళు ఎక్కడ పొయ్యను?

ఈ గొడవంతా ఛాయాదేవికి చెప్తే ఆవిడ చపాతీ తిప్పుతూ అంది. "ఏవండీ, ఈ కుండీలోనే పొయ్యమని స్వామి ఎప్పుడైనా అడిగాడా? ఆయన నెత్తిన పోసేదాకా ఆయన పని. ఆ తర్వాత ఎవరికి పడుతుందో చూసుకోవడం మన పని."

నేను లేచి వెళ్ళి, మూత ఉన్న ఇత్తడి చెంబు ఒకటి వెతికి పెట్టుకున్నాను.

మర్నాడు అభిషేకం నీళ్ళను ఆ చెంబులో పోసుకుని మెట్లు దిగాను. మా సొసైటీ పార్కులో ఓ మూల మారేడు చెట్టుంది. అక్కడికి వెళ్ళి నిలబడ్డాను గాని, పొయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక మొక్కను పాడుచేసి వచ్చిన చెయ్యి. దీనికేమవుతుందో?

గేటు కాపలా అతను చూసి, ఏం పోస్తున్నానని అడుగుతూ దగ్గరికి వచ్చాడు. "అంకుల్‌జీ, క్యా డాల్ రహే హో?"

"భస్మ్ కా పానీ హై భయ్యా. పేడ్ కో నుక్సాన్ తో నహీ హోగా?" విభూతి నీళ్ళు, చెట్టుకు చెరుపేమీ చెయ్యవు కదా అని అడిగాను.

అతను నవ్వాడు. "ఇస్ కో? అరే అంకుల్‌జీ, హర్ సాల్ హోలికా కీ సారీ రాఖ్ యహీఁ డాల్తే హైఁ."

అప్పుడు కిందికి చూశాను. నిజమే. హోలీ ముందు రాత్రి పార్కులో మంట వేస్తారు. ఆ బూడిదంతా ఎత్తి ఏటేటా పోసేది ఈ చెట్టు మొదట్లోనే. మట్టి అక్కడ ఇంకా నెరిసిన జుట్టులా ఉంది. తల పైకెత్తాను. ఆ ఎండల్లో పార్కులో ఉన్న చెట్లన్నీ దుమ్ము కొట్టుకుపోయి ఉంటే, మారేడు ఒక్కటి నవనవలాడుతోంది. ఏ ఆకు చూసినా మూడు రేకులూ పచ్చగానే ఉన్నాయి. పసుపెక్కిన ఆకు ఒక్కటి లేదు.

బూడిద పూసుకునే స్వామికి ఈ ఆకంటే ఎందుకింత ఇష్టమని నేనెప్పుడూ అడగలేదు. చిన్నప్పటి నుంచి పెడుతున్నాం కాబట్టి పెడుతున్నాను. బూడిదలో పచ్చగా ఉండగలిగిన చెట్టును ఎవరు ఎప్పుడు చూశారో, చూసి ఏమనుకున్నారో నాకు తెలియదు. ఇది నా ఊహే కావచ్చు. కాని ఆ చెట్టు కింద నాకు ఒళ్ళు జలదరించింది. చెంబు వంచాను. నీళ్ళు ఒక్క గుక్కలో ఇంకిపోయాయి.

*

ఆషాఢం మధ్యలో వానలు పడ్డాయి. బాల్కనీ అంచున గిన్నెలు పెట్టి, వాననీళ్ళు పట్టి, ఛాయాదేవి గంధరాజానికి అవే పోసింది. పాత పసుపాకులు పసుపుగానే ఉన్నాయి, అవి మారలేదు. కాని ఒకరోజు పొద్దున కొన చిగురు విచ్చుకుంది. అది చిలకపచ్చగా ఉంది. నాలుగు రోజులు పోయాక ముదురుపచ్చ. ఆ తర్వాత నూనె రాసినట్టు మెరుపు. వీణ తన ఫోనులో దాని ఫోటో తీసి, ఎవరికో పంపించి, "హమారా బచ్చా" అని రాసింది.

శ్రావణంలో చెప్పినట్టే కిరణ్మయి వచ్చింది. లోపలికి వస్తూనే చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా బాల్కనీలోకి వెళ్ళింది. మేమిద్దరం వెనక నిలబడ్డాం. కింద కొమ్మలకు పసుపాకులు, పైకొమ్మలకు పచ్చాకులు, అన్నిటికంటే పైన ఒక మొగ్గ.

"అన్నయ్యగారూ, ఏమైందండి దీనికి?"

నేను దాచలేదు. తీర్థం సంగతి, పసుపు ఎర్రబడటం, నీలం పూలు, అన్నీ చెప్పాను. "నీ మొక్కను చంపినంత పని చేశానమ్మా. అదీ దేవుడి పేరు చెప్పి" అన్నాను.

కిరణ్మయి మొగ్గ వైపే చూస్తోంది. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "చింతపండు పిప్పి!" అంది.

"ఏమిటే?" అంది ఛాయాదేవి.

"మా అమ్మ చారుకి పిసికిన చింతపండు పిప్పంతా తీసుకెళ్ళి దీని మొదట్లోనే వేసేది వదినా. వేరే ఏ మొక్కకీ వేసేది కాదు. ఎందుకే అని అడిగితే, దానికి ఇష్టమే పిచ్చిదానా అనేది. ఇక్కడికి తెచ్చాక నేనూ అలాగే వేస్తూ వచ్చాను, ఎందుకో తెలియకుండానే. మీకు చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది."

ముగ్గురం ఆ మొక్క చుట్టూ అలా కూర్చుండిపోయాం. ఆ తల్లికి అంకె తెలియదు, మీటరు తెలియదు. మొక్కకు ఏది ఇష్టమో తెలుసు. ఎలా తెలుసు? పోయిన మనిషి, అడగలేం. ఆవిడ కూతురు చెయ్యి మాత్రం ఇన్నాళ్ళూ ఆ పని చేస్తూనే ఉంది.

"గౌహతిలో నీళ్ళెలా ఉంటాయమ్మా?" అని అడిగాను చివరికి.

"మెత్తగా ఉంటాయండి. సబ్బు వదలదు. కుళాయిలకు తెల్లమచ్చలే పట్టవు. ఎప్పుడూ వానే. అటు పోతే అన్నీ టీ తోటలే."

కిరణ్మయి వచ్చిందని తెలిసి అప్పుడే పైనుంచి దిగి వచ్చిన త్యాగరాజుగారు టీ మొక్కకూ పులుపు మట్టే కావాలన్నారు. దాంతో ఛాయాదేవి ముఖం కొంచెం చిన్నబోయింది. మొక్క ఇక్కడే ఉంటే బాగుండునని ఆవిడకు లోపల్లోపల ఆశ పుట్టిందని నాకు తెలుసు. "తీసుకెళ్ళవే. దాని నీళ్ళు అక్కడున్నాయి" అంది.

ఆనంద్ విహార్ స్టేషన్‌కి మేమే దింపాం. కిటికీ పక్కన కిరణ్మయి, ఒళ్ళో కుండీ. రైలు కదిలేముందు పైకొమ్మ ఒకటి మెల్లగా తుంచి, తడిగుడ్డ చుట్టి ఛాయాదేవి చేతిలో పెట్టింది. "వానాకాలం కదా వదినా, గుచ్చితే బతుకుతుంది. ఇది మాత్రం దాచిపెట్టమని కాదు, మీదే."

ఆ కొమ్మ ఇప్పుడు తులసి పక్కన చిన్న కుండీలో ఉంది. చారు పెట్టిన రోజున పిప్పి దానికే వెళ్తుంది. నేను అభిషేకం చెంబుతో పూజగదిలోంచి బయటికి వస్తే చాలు, వంటింట్లోంచి కేక వినపడుతుంది. "అటు కాదు! మెట్ల వైపు!"

మెట్ల వైపే వెళ్తాను. సోమవారం మారేడు కొయ్యకూడదు కనుక ఆదివారమే చెట్టు దగ్గర రెండు పనులూ చూసుకుంటాను. ముందు చెంబులో నీళ్ళు మొదట్లో పోసి, అవి ఇంకేదాకా ఆగుతాను. తర్వాత చెయ్యి చాపి, వంగిన కొమ్మ నుంచి మూడు రేకుల ఆకులు కొన్ని కోసుకుంటాను. ఈ నీళ్ళు తాగిన ఆకులే రేపు పొద్దున మళ్ళీ ఆ నీళ్ళు జారే లింగం మీదికి వెళ్తాయి. అది తలుచుకుంటూ నాలుగు అంతస్తులూ ఎక్కుతాను.